చెంచయ్య నాలుగు బూట్లు

చెంచయ్యని ఒకడుండేవాడంట, ఎర్రగట్టుపాలెంలో. కాళ్ళు బారెడు, మాట మూరెడు కూడా ఉండదు. వాడి మడి కాలవ చిట్టచివర. కాలవ చివర మడంటే ఏందో మీకు నేను చెప్పాల్నా? ముందున్నోళ్ళ మళ్ళు తడిసి, వాళ్ళ గట్లు తడిసి, వాళ్ళ గేదెలు పొర్లి, ఆపైన ఏవన్నా మిగిలితే అది ఈడికి. ఆ ఏడు వానల్లేవు. పోసుకున్న నారు పచ్చబడాల్సింది పోయి పసుపుకి తిరిగింది. మళ్ళీ పోద్దామంటే ఇంట్లో ఇత్తనం గింజ లేదు. పెళ్ళాం ఈరమ్మ పొద్దున్నే మడికాడికి పోయి చూసొచ్చి, "ఈ నారు పోయిందంటే పిల్లల్ని చంకనేసుకుని కూలికి దేశాలు పట్టుకుపోవడమేనయ్యా, ఇంకీ ఊళ్ళో మనకేవుంది" అందంట. ఆమన్నది అబద్ధమా? నిజమే గదా.

ఇప్పుడు ఏమైందంటే, కొండ మీద వాగుకి ఒక ఆనకట్ట ఉందనుకోండి. దాని నీళ్ళకి రెండూళ్ళు, ఎర్రగట్టుపాలెం ఒకటి, దొనకమిట్ట ఒకటి. ముందు నీళ్ళు ఎవరికి? కొట్టుకోకుండా పెద్దలెప్పుడో ఒక పద్ధతి పెట్టారంట. పొలిమేర రాయి కాడ రెండూళ్ళ నించి ఒక్కో మనిషి నిలబడాల, కొమ్ము ఊదంగానే పరిగెత్తాల, ఎవడి చెయ్యి ముందు తూము పలక మీద పడితే వాడి ఊరికి ముందు వంతు. ఆళ్ళ వంతు అయినాకే రెండో ఊరికి. మంచి ఏడైతే రెండో వంతుకీ నీళ్ళుంటయ్. ఆ ఏడు రెండో వంతు అంటే బురద నాక్కోవడమే. పరిగెత్తేది ఎవరయ్యా అంటే, ఊరంతా చెంచయ్య కాళ్ళకేసి చూసింది. ఈడు సరేనన్నాడు. ఊరి కోసం కాదులే, నారు కోసం.

అయితే ఒక చిక్కొచ్చిపడింది. అంతకుముందు దారంతా మట్టిబాట, ఒట్టికాళ్ళతో పరిగెత్తేవాళ్ళు. కొత్తగా సర్కారోళ్ళు కొండ మొదలు దాకా కంకర రోడ్డేశారు. నున్నగా తొక్కించారా అంటే అదీ లేదు, రాయి అంచులన్నీ పైకే ఉన్నయ్. పోయినేడు పరిగెత్తినోడు ఒట్టికాళ్ళతో పోయి, సగం దారిలో కూలబడి, మంచం మీద ఇంటికొచ్చాడు. కొండ మొదలు కాణ్ణించీ మళ్ళా పాత బాటే, పలుగురాళ్ళు, జారుడు మట్టి, అక్కడక్కడా తుమ్మముళ్ళు. మరి చెప్పులేసుకోవచ్చుగా అంటారు మీరు. మనూరి తోలుచెప్పులు నడకకి బంగారమేగానీ పరిగెత్తితే చెప్పు ముందు పోద్ది, మనిషి వెనకుంటాడు. సగం రోడ్డుకీ సగం బాటకీ పనికొచ్చే జోడు ఏంది? అదీ పెశ్న.

కరణం గోపాలం పంతులుగారికి బావమరిది మద్రాసు నించి గుడ్డబూట్లు తెచ్చాడంట, రబ్బరు అడుగుతో. దూదికన్నా తేలిక. పంతులుగారు వాటినేసుకుని ఊళ్ళో తిరిగితే ఆయనొచ్చినట్టు కుక్కలకి కూడా తెలిసేది కాదు. "పరుగంటే తేలికుండాలి, మావాడు తెచ్చిన బూట్లే ఎయ్యండి" అన్నాడు. మునసబు కోటిరెడ్డి పట్టాళంలో చేసొచ్చినోడు. ఆయన కాడ మేకుల బూట్లుండేయి, ఒక్కోటి పాలదుత్తంత. "గుడ్డబూటు కొండెక్కుద్దా, పలుగురాయి మీద సబ్బుబిళ్ళ మాదిరి జారుద్ది, పట్టుండాల" అన్నాడు. ఇద్దరు చెప్పిందీ నిజమే, చూశారా. గుడ్డబూటు రోడ్డుకి మంచిది, మేకుల బూటు కొండకి మంచిది. అంతటితో పోయేదే, వేరే ఊరైతే.

ఎర్రగట్టుపాలెం సంగతి మీకు తెలవదుగా. ఆ ఊళ్ళో ఏ తగువైనా సగం సగం చేసి తీరుస్తారు. అది వాళ్ళకి పెద్ద గొప్ప. మా ఊరోడు కోర్టు గడప తొక్కలేదని మీసం తిప్పుతారు. ఒకసారి పెళ్ళికి రెండు మేళాలొచ్చి మేమంటే మేమని పట్టుబడితే, ఈళ్ళ సన్నాయి వాళ్ళ డోలు పెట్టి పెళ్ళి చేయించారంట. సన్నాయి ఒక పాట, డోలు ఇంకో పాట. గట్టిమేళం ఎప్పుడో తెలీక పెళ్ళికొడుకు తాళి చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. నవ్వకండి, పాపం ఆ పెళ్ళికూతురికి చెయ్యి తిమ్మిరెక్కింది జడ ఎత్తి పట్టుకుని.

సరే, చావడిలో కూచున్నారు. చెంచయ్య మెల్లిగా అన్నాడంట, అయ్యా, రోడ్డు మీద పంతులుగారి బూట్లేసుకుంటా, రెడ్డిగారి బూట్లు భుజానేసుకుంటా, కొండ మొదట్లో మార్చుకుంటా అని. అందరూ బాగుందన్నట్టే తలకాయలూపారు. ఇంతలో మునసబుకి ఒక అనుమానం పుట్టింది. రోడ్డు ఎక్కువ దూరమా, కొండ ఎక్కువ దూరమా? రోడ్డే కాస్త ఎక్కువ. అంటే పంతులుగారి బూటు ఎక్కువసేపు కాలికుంటది, నా బూటు తక్కువసేపు, ఇదెక్కడి సగం అన్నాడు. నిజమే గదా అనుకున్నారు. అయితే ఒక కాలికిది, ఒక కాలికది అన్నారు. అప్పుడు రెండూ మొదట్నించీ చివరిదాకా ఉంటయ్. న్యాయం అంటే అదీ అని మెచ్చుకుని చుట్టలు ముట్టించబోయారు. ఇంతలో పంతులుగారు, మరి ఎడంకాలు ఎవరికి అన్నాడు. చుట్టలు ఆరిపోయినయ్. ఎడంకాలు ఎవడొప్పుకుంటాడు? మళ్ళా పొద్దుగూకేదాకా మాట్లాడి ఏం తేల్చారంటే, కొండ మొదలు దాకా కుడికాలికి గుడ్డబూటు, ఎడంకాలికి మేకుల బూటు. ఆడ ఆగి మార్చుకోవాల, కుడికాలికి మేకుల బూటు, ఎడంకాలికి గుడ్డబూటు. మార్చాడో లేదో చూట్టానికి పెద్దలిద్దరూ ముందే బండి కట్టుకుని పోయి కొండ మొదట్లో కూచుంటారు. అంటే ఏందనుకున్నారు? నాలుగు బూట్లూ వీడితోనే ఉంటయ్, జత మాత్రం ఎప్పుడూ కలవదు.

చెంచయ్య ఇంటికొచ్చి ఈరమ్మకి చెప్పాడు. ఆవిడ, "వాళ్ళిద్దరికీ మోటబావులున్నయ్ గదయ్యా, వాళ్ళకి నీళ్ళొచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే, మనకట్టా కాదే" అందంట. కానీ ఊరి మాట కాదంటే, గెలిచినా నీళ్ళు పెట్టనియ్యరు. తలపాగా చించి, పెద్దగున్న మేకుల బూట్లలోకి కుక్కి సిద్ధం చేసుకున్నాడు.

కొమ్ము ఊదారు. దొనకమిట్ట తరఫున సింగరయ్యని ఒకడు, కాళ్ళకి పాత టైరు చెప్పులు, తాడుతో మడమకి బిగించి కట్టుకున్నాడు. ఆ చెప్పులు రోడ్డుకీ అంతంత మాత్రమే, కొండకీ అంతంత మాత్రమే. ఆ ఊళ్ళో ఎవరూ దానికోసం చావడెక్కలా, ఇంట్లో ఉన్నయి కట్టుకొచ్చాడు, అంతే. వాడు పోతన్నాడు. మనోడు చూడండి, ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు, భుజాన సంచిలో ఇంకో రెండు బూట్లు వీపు మీద దబ్బు దబ్బున కొడతన్నయ్. కుడికాలు గాల్లో తేలతంటే ఎడంకాలు లంగరేసినట్టు కూచుంటంది. మేకులు కంకర మీద జారి రెండుసార్లు బోర్లాపడ్డాడు. వాడి బాధ పడినందుకు కాదు. పసుపుపచ్చ నారే కళ్ళ ముందు, ఈరమ్మ మాటే చెవిలో. ఏడుపొచ్చేసిందంట మగాడికి, పరిగెత్తతానే ఏడ్చాడంట.

కొండ మొదటికొచ్చేసరికి సింగరయ్య అప్పటికే బాటెక్కేశాడు. పెద్దలిద్దరూ రాయి మీద కూచునున్నారు. ఊఁ, మార్చరా అన్నారు. వీడు వొంగి గుడ్డబూటు తాడు మీద చెయ్యేశాడు. ఆగరా అన్నాడు పంతులుగారు, ముందు నా బూటే ఎందుకు విప్పాల, విప్పించుకున్నోడిది తక్కువ కాదా? మేకుల బూటు మీద చెయ్యేశాడు. మునసబు లేచాడు. నా బూటు ముందు విప్పుతావురా, నీకెంత పొగరు? చెంచయ్య నిలబడ్డాడు. పైన సింగరయ్య పోయేకొద్దీ చిన్నగా కనపడతన్నాడు. ఈళ్ళిద్దరూ ఒకరి మొహం మీద ఒకరు మొహం పెట్టి, మా తాత కాలంలో అంటే మా ముత్తాత కాలంలో అని మొదలుపెట్టారు. చెంచయ్య ఆళ్ళని చూశాడు, సంచిని చూశాడు. చల్లగా కింద కూచుని, గుడ్డబూటు ఊడబీకి, సంచిలోని మేకుల బూటు రెండో కాలికి తొడిగాడు. జత కలిసింది చూడండి, అప్పుడు. గుడ్డబూట్లు రెండూ ఆళ్ళ కాళ్ళ కాడ జాగర్తగా పక్కపక్కన పెట్టి మరీ ఎక్కడం మొదలుపెట్టాడు. ముత్తాతల తగువులో ఉన్న పెద్దలకి తెలవనే తెలవదు.

మేకులు పలుగురాళ్ళని పట్టుకున్నయ్. టైరు చెప్పు జారుడు మట్టిలో ఒకడుగు ముందుకేస్తే అరడుగు వెనక్కి. బూట్లు కొరికి చెంచయ్య మడమలు రెండూ నెత్తురు కారతన్నయ్, అయినా ఆగలా. తూము కాడ సింగరయ్య చెయ్యి చాపాడు, వాడి చెయ్యి కిందనించి మనోడి చెయ్యి పోయి పలక మీద పడింది. సింగరయ్య మంచోడే, ఒప్పుకున్నాడు. ముందు నీళ్ళు ఎర్రగట్టుపాలేనికి.

అయిపోయిందనుకుంటన్నారా? నీళ్ళు ఊళ్ళోకొచ్చినయ్. ఊరి కాడ కాలవ రెండు పాయలైద్ది, కుడి పాయ పంతులుగారి పొలాలకి, ఎడమ పాయ మునసబు పొలాలకి, ఆ రెంటి నడుమ కింద చిట్టచివర చెంచయ్య మడి. రెండు పాయలకీ పలకలు మూసున్నయ్. ముందు ఏది ఎత్తాల? కొండెక్కించింది నా బూటు, నా పాయే ఎత్తాలన్నాడు మునసబు. నా బూటు లేకపోతే కొండ దాకా ఎట్టా వచ్చేవాడు, కాబట్టి నాదే అన్నాడు పంతులు. మళ్ళా చావడి. చెంచయ్య కుంటుకుంటా పోయి, అయ్యా, మీరు తేల్చేలోపల నీళ్ళు కింద నా మడికి పోనియ్యండి, వంతు అయిపోతే దొనకమిట్టోళ్ళు తిప్పుకుంటారు అని దణ్ణం పెట్టాడంట. పెద్దలంతా ఆలోచించి, ఇప్పుడు నీకొదిలితే ఏదో ఒక పక్క తీర్పు చెప్పినట్టయిద్దిరా, పైగా నువ్వు ఒప్పందం తప్పి జత కలిపావు, ఆ సంగతి కూడా ఇచారించాల అన్నారు.

రెండు పలకల ముందూ నీళ్ళు ఉబ్బి, గట్టు మీదనించి పొర్లి, బీడు నేలలోకి పోతన్నయ్. చెంచయ్య దణ్ణం పెట్టిన చేతులు దించి, ఇంటికి పోయి పార తెచ్చాడు. పట్టపగలే, అందరూ చూస్తండంగానే, రెండు పాయల మధ్య గట్టుకి గండి కొట్టాడు. నీళ్ళన్నీ తిన్నగా వాడి నారుమడికి దారి పట్టినయ్. పంతులూ మునసబూ పంచెలెగ్గట్టుకుని లగెత్తుకొచ్చారు. ఆ రోజుకి ఇద్దరూ ఒక్క మాట మీదకొచ్చింది అప్పుడేనంట. ఎవడిచ్చాడురా నీకీ హక్కని అడిగారు.

చెంచయ్య పార గట్టుకి గుచ్చి, నెత్తురు మడమలు నీళ్ళల్లో పెట్టుకుని, "ఏ బూటు గెలిచిందో మీరు తేల్చుకోండయ్యా. పరిగెత్తిన కాళ్ళు మాత్రం నావి" అన్నాడంట.

పెద్దలిద్దరూ ఊరుకుంటారా. మళ్ళా చావడికి పోయి కూచున్నారు. ఏ బూటు గెలిచిందనేది ఇంకా తేలలేదంట. నాకు చెప్పినోడు చచ్చిపోయి చాలా ఏళ్ళయింది, ఆళ్ళింకా తేలుస్తానే ఉండుంటారు. చెంచయ్య నారు మాత్రం నిలబడింది, ఆ ఏడు ఈరమ్మ పిల్లలకి వరన్నమే పెట్టింది. కథ అంతేనర్రా, లేవండిక. ఎవరు ముందు లేవాలని మాత్రం కూచుని ఆలోచించమాకండి.