చిక్కం

ఊరి చివర కుక్కల షెల్టరు, ఆఫీసు గది. బల్లకి అటు ఫారం పట్టుకుని రాబిన్; ఇటు గొర్రెల రైతు కెల్విన్, ఆయన భార్య నోలీన్; వాళ్ళ కాళ్ళ దగ్గర వాళ్ళు పెంచుకోడానికి చూస్తున్న జాఫా అనే ఎర్ర కుక్క. మాటలు సగం అయిపోయాయి, మిగిలినవి ఇవిగో.

“మా ముందు కుక్క టింబర్ ముసలాడై చచ్చిపోయాడని రాసుకోమ్మా.”

“వయసెంత, కెల్విన్ గారూ?”

“ఆరు.”

“ఆరేళ్ళకే ముసలాడా? గొర్రెలు కాసే కుక్క పన్నెండేళ్ళొచ్చినా మందని పరిగెత్తిస్తుందే!”

“అబ్బ, ఆయన మాటలకేం గానీ రాబిన్, మా టింబర్‌ని పాము కరిచింది. పాము అని రాసెయ్, అయిపోతుంది.”

“నోలీన్ గారూ, ఫోన్ చేసినప్పుడు ట్రక్కు కింద పడ్డాడన్నారు మీరు.”

“అన్నానా?”

“అన్నారు. ఇదిగో, రాసుకున్నాను కూడా. ఒక్క కుక్క ముసలితనంతోనూ, పాము కరిచీ, ట్రక్కు కింద పడీ చచ్చిపోతుందా అండీ?”

“ఎలా పోతే ఏంటమ్మాయ్? పోయాడు కదా.”

“నాకు తెలియాలి. జాఫాని ఇప్పటికి రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి పడేశారు. మూడోసారి వెనక్కొస్తే దీనికింక ఇక్కడ చోటుండదు. ఆ మాటకి అర్థమేంటో మీకు నేను చెప్పక్కర్లేదు.”

“చూడు కెల్, చూడు. నీ బూటు మీద తల పెట్టి ఎలా పడుకుందో!”

“చూశాను.”

“ఒక్కసారి నిమరవయ్యా. కరవదు.”

“వద్దు. వద్దే. నేనసలు రానన్నాను. నువ్వే లాక్కొచ్చావు.”

“లాక్కురాక ఏం చెయ్యను? అయిదు నెలలైంది రాబిన్, ఈ మనిషి కంటినిండా నిద్రపోయి. తిండి సయించదు. ఉన్న మందంతా సంతకి పెడతానంటున్నాడు. పక్కన ఓ కుక్కుంటే మళ్ళీ మనిషవుతాడని...”

“అయితే నిజం చెప్పండి. టింబర్ ఎలా పోయాడు?”

“విషం.”

“కెల్!”

“విషం తిని చచ్చిపోయాడమ్మా. నక్కల కోసం మాంసంలో మందు కలిపి ఎర వేస్తాం కదా, అది తిన్నాడు.”

“మేం వెయ్యలేదు! ఆ పక్క పొలం గ్రేమ్‌గాడు వేశాడు, మా కంచె పక్కనే. వాడి మొహం చూడటం మానేశాను నేను.”

“గ్రేమ్ ఏం చేశాడే పాపం? వారం ముందే ఇంటికొచ్చి చెప్పాడు. గేటుకి బోర్డు కట్టాడు. ఇంకేం చెయ్యాలి?”

“ఎరలున్న రోజుల్లో కుక్క మూతికి చిక్కం కడతారు కదా, కెల్విన్ గారూ. ఈ చుట్టుపక్కల అందరూ కడతారు.”

“కడతారు.”

“మరి మీరు?”

“కాస్త టీ ఇస్తావా రాబిన్? గొంతెండిపోతోంది నాకు.”

“ఇస్తానండీ. మరి మీరు, కెల్విన్ గారూ?”

“అక్కడేనమ్మా తిరకాసంతా. ఆ రోజు పొద్దున్న కట్టాను. కట్టినట్టు ఈ చేతులకి గుర్తుంది. చెవుల వెనక తోలు పట్టీ, రెండో చిల్లులో బిగించాను. వాడు తల విదిలించాడు, నేను తిట్టాను. అంతా గుర్తుంది. తీరా మధ్యాహ్నం వాణ్ణి చేతుల మీద మోసుకుని ఇంటికొస్తే, చిక్కం వరండాలో మేకుకి వేలాడుతోంది.”

“అంటే, కట్టలేదు.”

“కట్టలేదు. కట్టాననుకున్నాను.”

“పోనీలే కెల్, ఇప్పుడవన్నీ ఎందుకు? పద, పద, ఇంకో రోజు వద్దాం.”

“కూర్చో. ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నాను, ఇక్కడే చెప్పేస్తా. మా నాన్నకీ ఇలాగే మొదలైందే. చెయ్యని పని చేశాననేవాడు. పొయ్యి ఆర్పాననేవాడు, గేటు వేశాననేవాడు. రెండేళ్ళు తిరక్కుండా నన్నే పట్టుకుని నువ్వెవరన్నాడు.”

“నీకేం లేదు. నీకేం లేదయ్యా, ఊరుకో.”

“వాగ్గా టౌనులో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. రెండుసార్లు. ట్రాక్టరు సామాన్లకని నీకు చెప్పి.”

“ఏంటీ? ఎప్పుడు? ఏమన్నాడు?”

“పరీక్షల్లో ఏం కనపడలేదన్నాడు. మొదట్లో కనపడకపోవచ్చు, మళ్ళీ రండన్నాడు. మంద అమ్మేది అందుకేనే. బండి తాళాలు కూడా నీకిచ్చేద్దామనుకుంటున్నాను. మొన్న కుక్కని చంపుకున్నాను. రేపు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చేస్తానో!”

“అలా అనకు. అలా అనకు కెల్, నీకు దణ్ణం పెడతాను.”

“కాబట్టి రాబిన్, దీన్ని నాకివ్వకు. దీనికీ చిక్కం కట్టాననే అనుకుంటాను నేను. లేమ్మా జాఫా, లే. నా బూటు వదులు. మంచి పిల్లవే నువ్వు. లే మరి.”

“మీరిలా చెప్పారంటే మాటలు కాదండీ. కానీ మీరన్నట్టే, ఇవ్వలేను. ఏమీ అనుకోకండి. ఫారంలో కారణం రాయాలి. ‘ముందున్న కుక్కకి చిక్కం కట్టడం యజమాని మర్చిపోయాడు.’ ఇలా రాయనా?”

“రాయి. అదే నిజం.”

“రాయకు!”

“నోలీన్...”

“రాయకమ్మా. రాసేశావా? కొట్టెయ్. కొట్టెయ్ ఆ ముక్క.”

“నిజాన్ని కొట్టేస్తే ఎలాగండీ?”

“ఆ రోజు పదింటి టీ వేళ నువ్వు లోపల చేతులు కడుక్కుంటున్నావు, కెల్. టింబర్‌గాడు మెట్ల మీద కూర్చుని నా రొట్టె వంకే చూస్తున్నాడు. ఉప్పటి వెజిమైట్ ముద్ద రాసిన అంచంటే వాడికి ప్రాణం కదా.”

“చిక్కం ఉంటే రొట్టె ఎలా తింటాడే?”

“ఫోన్ మోగింది. వెళ్ళి తిరిగొచ్చేసరికి నువ్వు బండి తీసేశావు, వాడు వెనకెక్కేశాడు.”

“ఏం చెప్తున్నావు నువ్వు?”

“నీ మతికేం కాలేదు, కెల్. నువ్వు కట్టావు. రెండో చిల్లులోనే కట్టావు. విప్పి మేకుకి తగిలించింది నేను.”