రీలు మొదట్లో సుభద్ర

“అంకుల్, ఇంత ఎండ ఉండగా ఫ్లాష్ ఎందుకు?”

అదా తల్లీ నీ సందేహం? రా, ఆ కెమెరా పక్కన పెట్టి ఇలా కూర్చో. మీ అమ్మగారినీ కాసేపు కూర్చోమను, ఇందాకట్నుంచీ నిలబడే ఉంది పాపం. ఢిల్లీలో, ఈ వసంత్ కుంజ్ పార్కులో నా మాట వినేవాళ్లు దొరకడమే ఆ వెంకన్న దయ. నువ్వు ఫొటోలు తీయబోయే మీ స్నేహితురాలు ముస్తాబై వచ్చేలోపు చెప్పేస్తాను.

మనిషిని ఎండకి ఎదురుగా నిలబెడితే కళ్లు చికిలిస్తాడా, అందుకని సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి. అప్పుడు జుట్టు అంచు బంగారంలా మెరుస్తుంది, మొహం మాత్రం నల్లబడిపోతుంది. ఆ నలుపు తీయడానికే ఫ్లాష్. పూర్తి జోరు వద్దు, సగం చాలు. గర్భగుడిలో హారతి స్వామి మొహం మీద పడినట్టు పడాలి.

ఎన్నో ఏళ్లు ఇండియా గేట్ దగ్గర అదే పని నాది. పనుల మీద వచ్చిన మనవాళ్లు అశోకా రోడ్డు గెస్ట్ హౌసుల్లో దిగేవారు. అక్కడ భోజనం అప్పట్లో ఆరు రూపాయలు... కాదు కాదు, ఏడు, పెరుగు విడిగా. తిని, నడుచుకుంటూ ఫొటోకి వచ్చేవారు. తెలుగు చెవిన పడితే చాలు, మా ఆవిడ సుభద్ర నాకంటే ముందే, “ఏ ఊరండీ మనది?” అనేసేది. ఫ్లాష్ సంచీ ఆవిడ భుజానే ఉండేది. అబ్బో, ఆవిడ గొంతు... ఏదో చెప్తూ ఎక్కడికో పోయాను.

ఆఁ, రీలు. కెమెరాలో కొత్త రీలు ఎక్కించేటప్పుడు దాని మొదలుకి వెలుతురు తగిలిపోతుంది. ఆ మొదటి ఒకటి రెండు ఫొటోలు ఎలాగూ పాడే, ఊరికే నొక్కి ముందుకి తిప్పెయ్యాలి. అవి నేను సుభద్ర మీద నొక్కేవాణ్ణి. “నిలబడవే, వెలుతురు చూసుకుంటాను” అంటే, కొంగు సర్దుకుని, బొట్టు తడుముకుని మరీ నిలబడేది పిచ్చిది, నిజం ఫొటోకి మల్లే. ఫ్లాష్ వేసేవాణ్ణి కాదు. ఒకసారి వేస్తే మళ్లీ చార్జి అయ్యేదాకా సన్నగా ఈల వేస్తూ కూర్చునేది అది. అప్పటిదాకా గిరాకీ ఆగద్దూ?

ఓసారి అడిగింది. “నాకూ ఒక్కసారి వెలిగించకూడదేంటండీ?” అని. నేను... “రోజూ చూసే మొహమేగా, నీకెందుకే ఫ్లాషు” అన్నాను. వచ్చినవాళ్ల ముందరే. వాళ్లూ నవ్వారు, తనూ నవ్వింది. మళ్లీ అడగలేదు తల్లీ.

మొన్న కార్తీకంలో సోమవారం దీపం పెట్టుకుని వచ్చి, పక్క మీద ఒరిగింది, అంతే. పుణ్యాత్మురాలు. పదో రోజుకి ఫొటో కావాలన్నారు. పాత నెగెటివులన్నీ తీసి ప్రింట్లు వేయించాను. ప్రతి రీలు మొదట్లో తనే. సగం ఫొటో వెలుతురుకి తెల్లగా కాలిపోయి, మిగతా సగంలో మెరిసే జుట్టూ, నల్లటి మొహమూ. ఒక్కదాంట్లోనూ కళ్లు కనపడవు. ఫోన్లో ఎవరైనా తనని తీయబోతే, “నేనుండగా మీరెందుకు, నేను తీస్తాగా” అనేవాణ్ణి. తీశానా?

ఫొటో షాపు భయ్యా ఒకదాన్ని కంప్యూటర్లో తెల్లగా చేసి, కళ్లు పెట్టి, “ఠీక్ హై అంకుల్?” అన్నాడు. ఎవరివో కళ్లు. వద్దన్నాను. చివరికి ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయించి దండ వేశాం. దాన్ని చూసి తనే అనేది, “దొంగతనం చేసి దొరికినదానిలా ఉన్నాను” అని. అదీ, ఫొటోలు తీసేవాడి పెళ్లాం.

ఎందుకు చెప్తున్నానంటే... ఏమీ అనుకోకు తల్లీ. ఇందాకట్నుంచీ చూస్తున్నాను. మీ అమ్మని నిలబెట్టడం, వెలుతురు చూసుకోవడం, ఆ ఫొటో చెరిపెయ్యడం. ఆవిడ ప్రతిసారీ కొంగు సర్దుకుంటోంది, చూశావా?

అయ్యో, కళ్లు తుడుచుకో. మా బంగారం కదూ. చల్లగా ఉండు, ఆ స్వామి నిన్నూ మీ అమ్మనీ చల్లగా చూడాలి. వెళ్లు, ఆవిడని అదే చోట నిలబెట్టు. ఫ్లాష్ వెనక ఎర్ర చుక్క ఉంది చూడు, అది వెలిగేదాకా ఆగు. తొందరపడి నొక్కకు. ఆ కాస్త ఆగడమే నాకు చేతకాలేదు...

వెలిగిందా?