ఒక్క సంతకం తక్కువ: శ్రీ లాల్‌సింగ్ గారికి అభినందన

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు, జూన్ పదహారవ తేదీ, సోమవారం ఉదయం కుసుమంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అటెండరుగా చేరిన శ్రీ లాల్‌సింగ్ గారు, తమ చేతికిచ్చిన నియామక పత్రాన్ని మూడుసార్లు చదివి, "ఊరి పేరు తప్పుపడ్డది, సరిచేసి ఇయ్యండ్రి" అని వెనక్కిచ్చారట. ఉద్యోగంలోకి అనుమానంతోనే అడుగుపెట్టిన ఆ మహనీయునికి ఇవాళ మనం చేస్తున్నది సన్మానం. ఆయన ముప్పై మూడేళ్లు చేసింది అనుమానం. రెంటిలోనూ నిలబడ్డ మానం మాత్రం మన దవాఖానాది.

ములకలపల్లి దగ్గరి తండాలో పుట్టి, రాత్రి బడిలో పదో తరగతి గట్టెక్కిన ఆయన, 1986లో పదోన్నతిపై ఈ అడవి అంచు ఆసుపత్రికి రికార్డు క్లర్కుగా విచ్చేశారు. వచ్చిన నెలలోనే ఆయన దృష్టి రిజిస్టర్లలోని ఒకే ఒక్క మాట మీద పడింది: 'పొరపాటున'. పొరపాటున మందు మింగినాడు, పొరపాటున మందు మింగినది. పుట తిప్పితే అదే మాట. కేసవుతుందని భయపడి ఇంటివాళ్లు చెప్పేవారు, గొడవెందుకని మనవాళ్లు రాసేవారు. మన భాషలో రోగానికి వేసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సారా దుకాణంలో పోసేదీ మందే కనుక పొరపాటు సహజమేనని నేను సిబ్బంది కాగితాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లో కూర్చుని గది అదిరేట్టు నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇరవై ఏండ్లసంది పత్తికి మందు కొట్టేటోనికి డబ్బా వాసన తెల్వదా సార్? పొరపాటుల ముందుగాల పొర ఉంటది. అది తీస్తెనే మనిషి పడ్డ పాటు కనబడతది."

పదాలతో నేను చెడుగుడు ఆడుతాను గానీ, అంతటి విరుపు నాకు ఈ జన్మలో తట్టలేదు.

రిజిస్టరులో ఒక్క అక్షరం దిద్దకుండా, అనుమానమున్న పేరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టడం ఆయన పద్ధతి. పదహారేళ్ల చుక్కలు లెక్కవేసి ఆయన గ్రహించినది ఇది: మళ్లీ అదే పనిచేసి తిరిగి వచ్చినవారిలో ఎక్కువమంది ఇంటికి వెళ్లిన తొలి మూడు నెలల్లోనే తిరిగి వచ్చారు, కొందరిని తిరిగి తెచ్చే అవసరమే లేకపోయింది, దవాఖానా దాకా ప్రాణం ఆగలేదు. 2002లో ఆత్మహత్యాయత్నాల నివారణపై పరిశోధనకు వచ్చిన వైద్య బృందం ఆ చుక్కలు చూసి నివ్వెరపోయి, "ఎక్కడ చదివారు?" అని అడిగితే, "ఈ రూములనే" అన్నారు. డిశ్చార్జి తర్వాత క్రమం తప్పక పలకరించేవారు ఒకరుంటే ప్రాణాలు నిలుస్తాయని బృందం తేల్చి చెప్పింది, నివేదిక రాసుకొని వెళ్లిపోయింది. పలకరించడానికి పోస్టు మంజూరు కాలేదు.

అప్పటి నుంచి చుక్క పడినవారి డిశ్చార్జి కాగితంలో ఒక సంతకం తక్కువ రావడం మొదలైంది. "బుధవారం రాండ్రి, పెట్టిస్త" అనేవారు. బుధవారం ఖమ్మం నుంచి మానసిక వైద్యులు వచ్చే రోజు. వారికి చూపించి పంపేవారు. మళ్లీ వస్తే ఇంకో సంతకం తక్కువ.

మనం ఊరుకుంటామా? చేయి తడపనిదే సంతకం పెట్టడని ఒకరు, పోలీసులకు పేర్లు చేరవేస్తున్నాడని ఒకరు గుసగుసలాడాం. రాముడు నడిచిన నేల కదా, 2005లో ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది: 'పర్ణశాల యాత్రికులు సైతం ఇన్ని ప్రదక్షిణలు చేయరు, రోగులను తిప్పించుట ఇతని వృత్తి.' విచారణకు అధికారి వచ్చారు. తప్పు తేలితే ఉద్యోగం పోయేది. లాల్‌సింగ్ గారు నోరు విప్పితే రోగుల గుట్టు పోయేది. ఆయన నోరు విప్పలేదు. సాక్షిగా వచ్చిన పత్తి రైతు జైరాం తానే విప్పాడు.

"ఎన్నిసార్లు తిప్పించాడు?"

"తొమ్మిది వారాలు సార్."

"ఏమైనా అడిగేవాడా?"

"అవ్, అడిగెటోడు."

గదిలో మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఏమడిగేవాడు?"

"అన్నం తిన్నవా, నిద్ర పడుతున్నదా, మళ్ల గా ఆలోచన వస్తున్నదా అని. మందు డబ్బా బామ్మర్ది ఇంట్ల పెట్టి, తాళంచెవి నా పెండ్లాం సోనికి ఇయ్యమన్నడు."

"కావాలనే సంతకం ఆపుతున్నాడని నీకు తెలియదా?"

"మూడో వారమే తెల్సింది."

"తెలిసీ ఎందుకొచ్చావయ్యా?"

"అడిగెటోడు ఒకడున్నడని."

అధికారి కళ్లద్దాలు తుడుచుకొని ఫైలు మూసేశారు. ఆ జైరాం ఇవాళ ఈ సభలో రెండవ వరుసలో, తన పేరు రాసుకొమ్మని తానే చెప్పి, కూర్చున్నాడు.

ఆ ఉత్తరం రాసింది నేనే. మూడేళ్లు దాచాను గానీ లాల్‌సింగ్ గారి దగ్గర దాగలేదు. విచారణ మర్నాడే నా సీటు దగ్గరికి వచ్చి, "'తిప్పించుట'ల 'ప్పి' ఈ ఆఫీసుల మీరొక్కలే గట్ల రాస్తరు సార్. పాండ్రి, చాయ్ తాగుదాం" అన్నారు.

నిన్న వారు తమ పెన్సిలును కొత్త రికార్డు క్లర్కు సంగీత గారికి అప్పగించి, నా దగ్గరికి వచ్చి, "ఇగ నాకేంది సార్, హాయిగ ఉంటా" అన్నారు. వారి వద్ద నేర్చిన విద్య వల్ల ఆ 'హాయి' మీద నాకు గట్టి అనుమానం కలిగింది. వారానికి పదిమందిని అడిగిన మనిషిని రేపటి నుంచి అడిగేదెవరు? వారి సతీమణి రుక్మిణి గారు కంగారుపడవద్దు గానీ, వారి సర్వీసు పుస్తకం చివరి పుటలో ఒక సంతకం తక్కువగా ఉంది. పొరపాటున కాదు.

వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని, ఆ నూరేళ్లలో ప్రతి బుధవారమూ ఆ సంతకం కోసం నా బల్ల దగ్గరికి వస్తూ ఉండాలని, అన్నం తిని రావాలని మనసారా ఆకాంక్షిస్తూ,

వెంకటరామారావు,
సీనియర్ అసిస్టెంటు
(సంతకం బుధవారం పెడతాను)