పూజలో పెట్టిన స్పానరు

"తాతా, నాన్న ట్రక్కుకి స్ప్రింగులు నువ్వే మార్చినావంటనే. నేను హాస్టల్లో ఉంటిని గదా, ఏం జరిగిందో చెప్పు. అమ్మ తలుచుకోని నవ్వతా ఉంది."

నవ్విందా మీ అమ్మ? నవ్వనీలే. ఆ రికార్డు చేసే ఫోను కొంచెం దూరంగా పెట్టు పాపా, మూతికాడ పెడితే నాకు మాట రాదు. సరి. పోయిన ఆయుధపూజ గదా... ముందునాడు, ఇల్లే, కాదు కాదు, పూజ నాడే, పొద్దున్నే. మీ నాన్న వాటర్ క్యాన్లు వేసే బండి ఎనకపక్క బాగా కుంగిపొయ్యుండె. లోడు ఎక్కిస్తే టైరు పైన రాసుకునేది. వేరే బండ్లకి పట్టీల కట్ట ఉంటాది, దీనికి చుట్టల స్ప్రింగులు. మెకానిక్కులకి పండగ గిరాకీ, ఎవుడూ ఖాళీ లేడు. నేను చేస్తాలే అల్లుడూ, ఇంటికాడనే చేస్తా అన్నా. అంబత్తూరు ఫ్యాక్టరీలో అన్నేండ్లు ఇనుముతోనే గదా బతికినాను.

అసలు సంగతి వేరే. మీ అమ్మమ్మ పోయినంక మీ ఇంటికి వచ్చేసినా గదా. కూతురింట్లో కూర్చోని తినేది నాకు సిగ్గు పాపా. మా మామ ఉన్నాడే, మీ అమ్మమ్మ నాయన, మాధవరం పాల కాలనీలో మా ఇంటికి వస్తే మంచినీళ్ళు గూడా సొంత చెంబులో తెచ్చుకునేవాడు. అప్పుడు ఎగతాళి చేసినా. ఇప్పుడు మీ నాయనమ్మ ఇంకో దోసె వేస్తే నేను తల ఎత్తలేను. ఈ పనన్నా చేస్తే తిన్న తిండికి సరిపోతాదిలే అనుకున్నా.

ఏడ ఉన్నా? ఆఁ, జాకీ. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ఎనక ఛాసీ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పి, ఇరుసుకి జాకీ ఆనించి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసేసినా. జాకీ మెల్లంగా దించితే ఇరుసు కిందికి దిగతాది, పాత స్ప్రింగు చేతికి వచ్చేస్తాది. కొత్తవి కూర్చోబెట్టి, ఇరుసు ఎత్తి, బోల్టులు దూర్చి, నట్లు చేత్తో తిప్పి పెట్టినా. చక్రాలు బిగించి బండి నేలకి దించేసినా. అప్పురం, బండి దిగినంక, ఆ నట్లు స్పానరుతో గట్టిగా బిగించాల. నడుము పట్టేసింది, స్నానం చేసొచ్చి బిగిద్దామని పొయినా.

వచ్చేసరికి మీ నాయనమ్మ నా స్పానర్లన్నీ కడిగి, చందనం కుంకం పెట్టి, బొరుగులు పోసి, పూజలో వరసగా పేర్చేసుండాది. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాటిదాకా ముట్టరు గదా. ఒక్కటి ఇవ్వమ్మా, నట్లు బిగించాల అంటే అయిపోను. నోరు రాలేదు. పండగపూట ఈయనేంది అపశకునంగా అనుకుంటే? ఉండేది వాళ్ళింట్లో. బండి తెల్లారిందాకా కదలదులే అని ఊరుకున్నా.

కదలకుండా ఎట్లా ఉంటాది? సాయంత్రం హారతి ఇచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. మీ నాన్న వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టుకోని, అమ్మన్ గుడిదాకా పొయ్యొస్తామన్నాడు. నిలుపు నాయనా అందామని ముందుకు పొయినా, పొయ్యి గేటు తీసినా. వీధి మలుపులో స్పీడుబ్రేకరు. డమాల్‌మనింది. నట్టు ఊడి షాక్ అబ్జార్బరు వేలాడతా ఉండాది, స్ప్రింగు జారి రోడ్డుమీద పడుండాది. ఎవురికీ దెబ్బ తగల్లేదు, ఆ తల్లి దయ. వీధంతా వచ్చి చూసినారు. నాకైతే భూమిలోకి దూరిపోదామా అనిపించింది.

మీ నాన్న దిగి స్ప్రింగు ఎత్తి పక్కన పెట్టినాడు. ఇంటికి నడిచొచ్చినంక మీ నాయనమ్మే, "ఏంది అన్నా, నట్టు మరిచిపోతివా?" అనింది. అవునమ్మా అనేసుంటే పోను. స్పానరు పూజలో ఉండె, అడిగేదానికి మొహమాటమైంది అన్నా. ఆమె మొహం మారిపోయింది. "నీ స్పానరు నువ్వు అడిగేదానికి గూడా జంకినావంటే, మేము నిన్ను ఏ మాదిరి పెట్టుకోని ఉన్నాం అన్నా?" అని మెట్టుమీద కూర్చోని ఏడ్చేసింది, పండగపూట. అప్పురం ఆమే లేచిపొయ్యి, పూజలోని స్పానరు తీసి, కుంకం కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. "దేవుడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు పొయ్యి బిగించు" అనింది.

రోడ్డుమీది సిగ్గు కొన్నాళ్ళకి పొయింది పాపా, వీధి మరిచిపోయింది. ఆమె ఏడ్చింది చూడు, అది పోలా. నన్ను ఇంటోడు అనుకునిన మనిషిని నేనే పరాయిదాన్ని చేసేసినా. నువ్వు చల్లగా ఉండు తల్లీ, ఎవురింట్లో ఉన్నా కావల్సింది నోరు తెరిచి అడుగు. ఆమెకి గూడా ఈ మాట చెప్పాల... చెప్తాలే... ష్, ఆమే వస్తా ఉండాది, ఫోను ఆపెయ్.