ఆ డబ్బా ముట్టొద్దని చెప్పు, ప్రభుదాసన్నా

చాయ్ వద్దు, గీయ్ వద్దు ప్రభుదాసన్నా! ముందు నా బిడ్డకు ఆ డబ్బా ఎందుకిచ్చినవో చెప్పు.

నవ్వకు. బోయిగూడ నుంచి నీ నేరేడ్‌మెట్ దాంక బస్సులు మారి వచ్చింది నవ్వులాటకా?

ఏందీ? డబ్బా ఇయ్యలే, వాల్వు ఒక్కటే ఇచ్చినవా? మస్తు చేసినవ్! లోటంత గాజుబుడ్డి అది. ఆన్ చేస్తె లోపల ఎర్రగ మండుతది, పక్కన పంఖా బుర్రుమంటది.

కల్పలత పొద్దుగాల ఆఫీసుకు పోతది, పొద్దుమీకితె మిద్దె మీద ఆ డబ్బా కాడ కూసుంటది. "నాన్న సగంల ఇడిసిన ఆంప్లిఫైరమ్మా, ఇది పూర్తయితె రేడియోల నా మాట జపాన్ దాంక పోతది" అంటది. నా మాట మిద్దె దాంకనే పోతలేదు, దానికి జపాన్ కావాల్నంట!

ఆయన సగంల ఎందుకు ఇడిసిండో నీకెరుక లేదా? ఆయన రేడియో దోస్తువు, ఆ దినం పక్కనే ఉంటివి గదా.

స్విచ్చి తీసిండు. ప్లగ్గు సుత గుంజిండు. నేను చూస్తనే ఉన్న. కరెంటు లేని డబ్బాల చెయ్యి పెడితె మనిషి పోతడని నాకేమెరుక? "కండెన్సర్లల్ల కరెంటు నిలవుంటది చెల్లె, రాగితీగ కట్టిన కట్టె తాకిచ్చి దింపాలె" అన్నవ్. ఎప్పుడన్నవ్? పీనుగను లేపినంక!

ఒక చెయ్యి జేబుల పెట్టుకొనే పని చేయాలన్నది మీ రేడియోవాళ్ల కాయిదానే గదా? రెండు చేతులు పెడితె గుండెల నుంచి పోతదని. ఇంట్ల లుంగీ కట్టుకున్నోనికి జేబేడిదన్నా? గింతమంది సదువుకున్నోళ్లు, ఒక్కనికి సుత సోయి లేకపాయె!

ఆ? ఇప్పుడు బిడ్డ కట్టినదాంట్ల మూత తీస్తె కరెంటు దానంతటదే దిగిపోతదా? ఆయన సుత "ఏం కాదే" అనే అన్నడు.

ఏడుస్తలేను. ఏడ్సుడు ఎప్పుడో అయిపోయింది. నాకొక్క పని చెయ్. వాల్వు ఖరాబైందని చెప్పు. కట్టుడే తప్పయిందని చెప్పు. నేను చెప్తె "నీకేం తెల్సమ్మా" అంటది, నీ మాటయితె ఇంటది. ఒక్క అబద్ధం, అన్నా!

ఏందీ... మంచిగ చేసిందా? అయ్యకంటె మంచిగ చేసిందా? చూడు, నీ మొఖం ఎట్ల వెలుగుతుందో! పోయి పోయి ఎవ్వలకు చెప్పుకుంటున్న నేను!

ఇయ్యాలనే పెద్ద కరెంటిచ్చి ఆన్ చేస్తదా? నిన్ను రమ్మన్నదా? నాతోని ఒక్క మాట అనలే.

సరే, చెప్పులేస్కో. నేను సుత వస్త. మిద్దె మాత్రం ఎక్క. కింద మెయిన్ స్విచ్చి కాడ నిలబడ్త. అరుపు ఇనబడంగనే తీసేస్త.

తెల్సు. తీసినా దాంట్ల ఉంటది. అయినా నిలబడ్త. ఇంకేం చేయాలె, చెప్పు?