అర ట్యాంకరు ఊళ్ల కృపారాణి గారు

1993 నవంబరు ఎనిమిదవ తేదీ, సోమవారం నాడు గిద్దలూరులోని మా తాగునీటి సరఫరా కార్యాలయంలో శ్రీమతి కృపారాణి గారు టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. ఈ నెలాఖరున మా కార్యాలయ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు.

కార్యాలయానికి తొలి కంప్యూటరు వచ్చినప్పుడు దాని మీది ముసుగు తీయడానికే మేమందరం జంకుతుంటే, వారు స్వయంకృషితో ఫాక్స్‌ప్రో అనే కంప్యూటరు భాష అభ్యసించి, ఏ ఊరికి రోజుకు ఎన్ని ట్యాంకర్ల నీరు వెళ్లాలో నిర్ణయించే ప్రోగ్రామును 1998లో రచించారు. త్రిపురాంతకం మొదలు బేస్తవారిపేట దాకా ఇరవై ఆరు వేసవులు ఆ ప్రోగ్రాము మాటే చెల్లింది.

వారిని 'నిదానానికి మారుపేరు' అని రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు సూచించారు. మన్నించాలి, నా వల్ల కాదు. కృపారాణి గారికి ఒకచోట కాలు నిలవదు. ప్రింటరు ఒక కాగితం కక్కేలోపు మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లివస్తారు. ఆ తొందర చూసి విసుక్కున్నవారిలో నేనే ప్రథముణ్ని.

గత ఏడాది ఆ ప్రోగ్రామును పైథాన్ భాషలోకి మార్చే పని నాకు అప్పగించారు. వరుస వెంట వరుస మార్చి, పాతిక పెద్ద ఊళ్ల ఫలితాలు మాత్రం సరిచూసి, అంతా సవ్యమేనని సంతకం చేశాను. ఏప్రిల్‌లో కొత్త జాబితా ప్రకారం ట్యాంకర్లు కదిలిన తొలి ఉదయం, వారు పాత, కొత్త జాబితాలను పక్కపక్కన పరిచి, నిలబడే ఊరూరూ చదవసాగారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"ఏంది తమ్ముడూ ఇది? పుల్లయ్య కొట్టాలకు సున్నా పడింది. ఆడ ఉండేటోళ్లు నీళ్లు తాగరా?"

"అర ట్యాంకరు ఊరే కదా మేడం. భాష మారితే అంత తేడా వస్తుంది" అన్నాను.

"భాష మారితే దప్పిక మారుద్దా? పద, ట్యాంకరెక్కు!"

అరను పాత ప్రోగ్రాము ఒకటిగా లెక్కించేది. కొత్త భాషలో నేను వాడిన ఆదేశం దాన్ని సున్నా చేసింది. అర ట్యాంకరు చాలిన పద్నాలుగు పల్లెలకు ఆ ఉదయం చుక్క నీరు బయలుదేరలేదు. దోషం భాషది కాదు, చూసుకోకుండా సంతకం పెట్టిన నాది.

పదమూడు పల్లెలకు ఫోన్ల మీదే బండ్లు మళ్లించి, అన్నిటికన్నా దూరమైన పుల్లయ్య కొట్టాలకు డ్రైవరు లక్ష్మణ్ బండిలో నన్ను వెంటబెట్టుకుని వారే బయలుదేరారు. చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఎండలో బిందెల వరుస పక్కన నిలబడిన పుష్పమ్మ అనే వృద్ధురాలు మమ్మల్ని చూసి గొంతెత్తింది.

"పొద్దున్నుంచి కాసుకోని ఉండాం. మమ్మల్ని మర్చిపోయినారా?"

"మర్చిపోయింది నేనే పెద్దమ్మా. తప్పు నాదే" అన్నారు కృపారాణి గారు.

నేను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. వారి కుటుంబసభ్యులు, మన సహోద్యోగులు చదివే ఈ పుటలో ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను: ఆ తప్పు నాది.

ఆ లోపం మర్నాటికే సరిదిద్దాం. కానీ మార్చవలసిన ప్రోగ్రాములు ఇంకా మూడున్నాయి, వారేమో వెళ్లిపోతున్నారు. నాకు నిజంగా భయంగా ఉంది. ఈ నాలుగు మాటలు రాయడానికే పదిసార్లు లేచి తిరిగాను.

కృపారాణి గారూ, భగవంతుడు మీకు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు ప్రసాదించాలి. మీ నెంబరు ఆ పద్నాలుగు పల్లెల్లోనూ ఉందని నాకు తెలుసు. ఆ నూరేళ్లలో ఏ వేసవి ఉదయమూ, నీళ్లు రాలేదని ఏ పల్లె నుంచీ మీకు ఫోను రాకూడదు. ఆ పూచీ నాది.

— ఫణికృష్ణ, సహోద్యోగి