మీ అత్త వాళ్ల నాయన బల్ల

"మామా, ఈ పెట్టె మీద చేప నువ్వే చెక్కినావా? బో ముద్దుగా ఉండాదే."

నేనే పాపా. రా, ఆ కుర్చీ ఇట్ట లాక్కో, ఆడికి ఫ్యాను గాలి రాదు. నువ్వు మా అక్క కూతురివే గానీ మీ అమ్మ తొందర నీకు రాలేదు, అదే మంచిదయింది. మీ అమ్మయితే ఈపాటికి "అసలు సంగతి చెప్పరా" అని లేచి వంటింట్లోకి పోయుంటుంది. నేనేమో అసలు సంగతికి నాలుగు వీధులు తిరిగి గానీ రాను.

ఆ చేప అందానికి పెట్టింది కాదు. అక్కడ ఒక బొక్క ఉండేది. ఆ బొక్క పడిన రోజు నేను మీ అత్త మొహం చూడలేక దొడ్లోనే కూర్చున్నా.

ఎందుకంటే ఆ చెక్క అట్టాంటిది. మీ అత్త వాళ్ల నాయన, అంటే మా మామ, కాలవ మీద పడవ నడిపినాడు. ఉప్పు మూటలు, సరుగుడు కట్టెలు ఎక్కించుకోని మద్రాసు దాకా పోయొచ్చేవాడంట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తా తాడుతో లాగడం. మనుషుల్ని కూడా ఎక్కించుకునేవాళ్లు, పావలాకో ఏమో... పావలానా, అర్ధరూపాయా? మీ అత్తనడగాల. సరే, లారీలొచ్చినాయి, కాలవ పూడిపోయింది, పడవ పనే లేకుండా పోయింది. పడవను ఇప్పదీసి కట్టెల వాళ్లకు అమ్మేసినప్పుడు మా మామ ఒక్క బల్ల మాత్రం ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. చుక్కాని దగ్గర ఆయన కూర్చునే బల్ల. మంచి టేకు. మీ అత్త చిన్నప్పుడు పడవలో పోతే ఆ బల్ల మీదనే నిద్రపోయేదంట, ఆయన కాళ్ల పక్కన. ఆయన పోయినాక ఆ బల్ల మీ అత్తకొచ్చింది. ఈ ఇంట్లో అంతకాలం ఊరగాయ జాడీలు దాని మీదనే ఉండేవి.

నా సంగతి నీకు తెలుసు గదా. పదో తరగతి తప్పి ఐసు ఫ్యాక్టరీలో చేరినోడిని, అందులోనే ముసలోడినైనా. పని మానేసి ఇంట్లో కూర్చుంటే ఏం తోచేది కాదు. ఫోన్లో ఎవరో తెల్లాయన పెట్టెలు చేస్తా ఉంటే చూసేవాడిని. ఆయనకి ఒక్క తప్పూ రాదు. వచ్చినా మనకు చూపించడులే. అది చూసి నాక్కూడా చెయ్యి దురద పుట్టింది. వడ్రంగి మస్తాన్ దగ్గర పాత చిత్రికా రంపమూ తెచ్చుకోని ముందు ఒక స్టూలు చేసినా. దాని మీద కూర్చుంటే ఒక కాలు టకటకమనేది. మీ అత్త దాన్ని కోళ్ల గూటి ముందర పెట్టించింది, కోళ్లయితే ఏమీ అనుకోవని.

ఐసుకీ చెక్కకీ ఎంత తేడా తెలుసా పాపా. ఐసు గడ్డ వంకరగా కోస్తే ఏముంది, సాయంత్రానికి కరిగిపోతుంది, ఎవడూ అడగడు. చెక్క వంకరగా కోస్తే అట్టనే ఎదురుగా కూర్చోని మనల్ని చూస్తా ఉంటుంది.

అట్టాంటి పనిమంతుడిని పోయి మీ అత్తను ఆ బల్ల అడిగినా. వాళ్ల నాయన కళ్లజోడు, వల కుట్టుకునే వెదురు సూది, చుట్టల డబ్బా, అవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టుకోనుండేది. ఆయన వస్తువులకి ఆయన బల్లతోనే పెట్టె చేస్తానన్నా. నేనడిగినప్పుడల్లా జాడీలు తుడవడం, మళ్ళీ ఆ బల్ల మీదనే పెట్టడం. ఒకరోజు పొద్దున చూస్తే జాడీలన్నీ కింద ఉండాయి, బల్ల కడిగి ఎండకు ఆనించుంది. "తీసుకో. కానీ చెడగొట్టినావంటే ఇంకోటి యాడి నుంచి తెస్తావు?" అనింది.

ఆమె అన్న ఒకాయన దొరవారిసత్రంలో ఉండాడు, మా బావ. ఆయనకు ఫోన్లో చెప్తే, "ఐసు కోసే మనిషి చేతికి నాయన బల్ల ఇచ్చినావా అమ్మా" అన్నాడంట. అనడా మరి.

నడి ఎండాకాలం, కత్తిరి ఎండలప్పుడు పని మొదలు పెట్టినా. పైన రెండు మూడు సార్లు చిత్రిక పట్టగానే, ఆ నల్లటి బల్ల లోపలినుంచి తేనె రంగు బయటికొచ్చింది. మీ అత్తను కేకేసి చూపించినా. ఆమె చేత్తో రాసి చూసుకోని, ఆ పొట్టు కూడా పారెయ్యబాక అనింది.

అంత కుశాలగా ఉన్నానా, మూత కోసం కోస్తా ఉంటే రంపం గర్రుమనింది. లోపల ఇనప మేకు, పాపా. ఏ కాలంలో కొట్టిందో, తల తుప్పు పట్టి ఊడిపోయింది, పైకి ఆనవాలే లేదు. రంపం పళ్లు పోతే పోయినాయి. ఆ మేకును పెరికేటప్పుడు చుట్టూ ఉన్న చెక్క కూడా ఊడొచ్చింది. రూపాయి బిళ్లంత బొక్క, చుట్టూ నల్లటి మరక. సరిగ్గా మూత మధ్యలో. ఇంకో మూతకు బల్ల చాలదు.

ఏం చేస్తావు, పేపరు కప్పేసినా. మీ అత్త మజ్జిగ తెచ్చి పెట్టింది.

"ఆ పేపరు కింద ఏముండాది?"

"ఏముంటుంది, చెక్క."

"చెక్కకు ఎండ తగులుతుందనా?"

పేపరు తీసి చూసింది. ఆ బొక్కలో వేలు పెట్టింది. ఒక మాట అని ఉంటే బాగుండేది. లోపలికి పోయింది. మాపిటేల అన్నం గిన్నె నా ముందర పెట్టి పక్కకు పోవడమే.

మస్తాన్ దగ్గరికి పరిగెత్తినా. ఆయన చూసి నవ్వినాడు. "లప్పం పెట్టి దాచబాక అన్నా, మరక ఎట్టాగూ తెలిసిపోతుంది. బొక్కకు ఒక ఆకారం ఇయ్యి" అని పసుపుపచ్చటి పనస చెక్క ముక్క ఒకటి ఇచ్చినాడు. మన వైపు మనుషులకు ఆకారమంటే ఇంకేం తోస్తుంది, చేపే. ముందు చేపను కోసుకోని, దాన్ని మూత మీద పెట్టి చుట్టూ కత్తి మొనతో గీసి, ఆ గీత లోపల ఉలితో తవ్వినా. బొక్కా మరకా అంతా ఆ తవ్వకంలో పోయినాయి. జిగురు పూసి చేపను అందులో కూర్చోబెడితే, నువ్వు నమ్మవు, గోరు కూడా దూరలేదు. మీ అత్త వచ్చి తలుపు దగ్గరే నిలబడి చూసింది. "కన్ను యాడ?" అనింది. నాకు కన్ను సంగతే తోచలేదు. ఆమే పోయి పొయ్యి మీద ఒక సూది కాల్చుకొచ్చి, ఇదిగో చూడు, ఈ నల్ల చుక్క, ఇది ఆమె పెట్టిందే. అప్పుడు నాకు అన్నం దిగింది.

ఇంకోటి కూడా చెప్తా, ఎవరికీ చెప్పబాక. పక్కన చుట్టూ ఈ పసుపుపచ్చ గీత ఉండాది చూడు, వచ్చినోళ్లంతా మెచ్చుకుంటారు, ఎంత బాగా డిజైను వేసినావని. అడుగు చెక్క కూర్చోడానికి లోపలివైపు గాడి తియ్యాల. నేను ఒక పలకకు బయటివైపు తీసినా. ఫోన్లో తెల్లాయన ఎడమచేతి వాటం మనిషి, ఆయన్ను చూస్తా చూస్తా నేను తిరగబెట్టేసినా... ఆయన మీద తోసేస్తా ఉండా గానీ, నిద్ర మత్తు కూడాలే. ఆ గాడిలో మిగిలిన పనస చెక్కను సన్నంగా చీల్చి అతికించినా. ఒక్క పలకకే గీత ఉంటే తప్పు తెలిసిపోతుంది గదా, మిగతా మూడు పలకలకూ కావాలనే బయట గాడి తీసి గీత వేసినా. మెచ్చుకున్నోళ్ల ముందర నోరు మూసుకోని తల ఊపుతా.

మూత మాత్రం నా గర్వం, పాపా. నాలుగు గోడల మధ్యలో దిగే మూత. వదిలితే మెల్లంగా గాలి వదులుతా దిగేది. మస్తాన్ కూడా రెండు సార్లు దించి చూసినాడు. మామ వస్తువులన్నీ మీ అత్త అందులో సర్ది మూసింది.

ఎండాకాలం పోయింది. వాయుగుండం పట్టింది. నీకు తెలుసు గదా మన వానలు, వారం రోజులు ఎండ మొహమే లేదు. ఆ వానల్లోనే మామ జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాము. బావ దొరవారిసత్రం నుంచి తడుస్తా వచ్చినాడు. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి పోయినాక, మీ అత్త పెట్టె తెచ్చి వాళ్లన్న ఒళ్లో పెట్టింది. ఆయన చేపను చూసి, గీతను చూసి, "పర్వాలేదే" అన్నాడు. నాకు అదే చాలా ఎక్కువ. మూత లాగినాడు. రాలేదు.

మీ అత్త లాగింది. నేను లాగినా. కత్తి మొన దూర్చుదామంటే సందే లేదు.

"ఇదేందయ్యా, తాళం చెవి పోయిన పెట్టెను చూసినా గానీ, తాళమే లేకుండా తెరుచుకోని పెట్టెను ఇప్పుడే చూస్తా ఉండా," అన్నాడు బావ. నా వైపు తిరిగి, "స్క్రూడ్రైవరు తే. నాయన కళ్లజోడు చూసే పోతా" అన్నాడు. నేను తెచ్చినా, ఏం చెయ్యను. ఆయన మొన పెట్టి ఒత్తబోయినాడు. ఒక్క తన్నుకు అంచు చిట్లిపోతుంది, ఇంక ఆ బల్ల ఎవరికీ మిగలదు. నా చెయ్యి ఆయన చేతి మీద వేసినా. ఆయన నా మొహం చూసినాడు, కోపంగానే.

అప్పుడు మీ అత్త, "ఆగన్నా" అనింది. పెట్టెను ఒళ్లోకి తీసుకోని అంచు వెంబడి వేలితో తడిమింది. "నాయన పడవను ఎండాకాలం గట్టు మీదికి లాగి పెట్టేవాడు, గుర్తుండాదా? బల్లల సందుల్లోనుంచి ఎలుతురు కనపడేది. మళ్ళీ కాలవలోకి దించినప్పుడు బుడబుడమని నీళ్లొచ్చేవి, మన చేతికి డబ్బాలిచ్చి తోడి పొయ్యమనేవాడు. తెల్లారేసరికి చెక్క నీళ్లు తాగి బిగిసిపొయ్యేది. ఇంక చుక్క రాదు." అని, "ఆ బల్లే గదా ఇది" అనింది.

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టినాడు. తర్వాత భోంచేసి బస్సెక్కి పోయినాడు, పెట్టె తెరవకుండానే.

ఎండలు ముదరకముందే మళ్ళీ వచ్చినాడు, పిలవకుండా. మీ అత్త చూపుడువేలు పెట్టి ఎత్తితే మూత లేచొచ్చింది. ఆ వానలకు మా ఇంట్లో చెప్పులకు బూజు, బీరువాలో చీరలకు బూజు, నా పాత బెల్టుకు బూజు. పెట్టెలో మాత్రం పొడి. కళ్లజోడు అద్దాలు తళతళా ఉండాయి. బావ చుట్టల డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అట్టనే పెట్టుకోని ఉండిపోయినాడు. ఆమెకిచ్చినాడు, ఆమె వాసన చూసింది. ఇద్దరూ ముసలోళ్లు, పాపా, చిన్న పిల్లల మాదిరి ఆ డబ్బా ఒకరి దగ్గర ఒకరు లాక్కుంటా ఉండారు. నేను దొడ్లోకి పోయినా, పని లేకపోయినా.

మూత అంచును రవంత చిత్రిక పడితే వానాకాలంలో కూడా మూత లేచొస్తుందని మస్తాన్ చెప్పినాడు. మీ అత్త ఒప్పుకోలా. చిత్రికను పెట్టె ఛాయలకు తేబాక అనింది.

ఆ, ఇంకో మాట. ఆ బల్లలో జానెడు ముక్క మిగిలుండాది. నువ్వూ చెక్క పని మొదలు పెడతా ఉండావని విని, రాత్రి మీ అత్తే తీసి పెట్టింది, నీకియ్యమని. ఆమె చేత్తో ఆ చెక్క ఒకరికిచ్చిందంటే... సరే. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. చెడిపోతుందేమోనని ఊరికే బీరువాలో పెట్టుకోని కూర్చోబాక, ఏదో ఒకటి చెయ్యి. పొరపాటైతే ఈడికి తీసుకోని రా, ఇద్దరం కూర్చోని చూస్తాము. దేవుడు నిన్ను చల్లగా చూడాల తల్లీ, నీ చేతి పని నిలబడాల.